ఒక ఇంటికి ఒక్క పేషెంటేనా?

మాకు ఒక మావయ్య ఉన్నాడు. చాలా మంచివాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో అందరికీ తెలిసిన మనిషి, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు వాలిపోయేది ఆయనే. 2023 ఫిబ్రవరిలో మా నాన్నకి డిప్రెషన్ అని ఏలూరులో డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం ఆయన నన్ను పక్కకి పిలిచి, భుజమ్మీద చెయ్యేసి, "చూడబ్బాయ్, నాన్న పరిస్థితి చూశావు కదా. అమ్మ ఆడమనిషి, ఏం చేస్తుంది. ఇంక ఇంటికి నువ్వే దిక్కు. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండాలి" అన్నాడు.

నేను "అలాగే మావయ్యా" అన్నాను.

అప్పటికి నేను హైదరాబాదులో అదే జబ్బుకి మందు వాడబట్టి నాలుగు నెలలు. మాత్రల అట్ట ఆ క్షణంలో కూడా నా లాప్‌టాప్ బ్యాగులో, చార్జర్ పెట్టుకునే అరలో ఉంది. ఎవరికీ తెలీదు. అడిగితే విటమిన్ మాత్రలు అని చెప్పడానికి అబద్ధం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇరవయ్యారేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బ్యాగులో ఏముందో ఎవరడుగుతారు?

ఈ టపా ఆ మావయ్య మీద కాదు. ఆయన అన్న మాట మీద. ఆ మాట ఆయన సొంతం కూడా కాదు, మనందరిదీ. మన ఇళ్ళల్లో ఎక్కడా రాయని రూలొకటి ఉంది. ఇంట్లో ఒకేసారి ఒక్కరికే మనసు బాగోకపోవచ్చు. రెండోవాళ్ళకి ఆ హక్కు లేదు. ముందెవరు పడిపోతే వాళ్ళు పేషెంటు, మిగిలినవాళ్ళంతా నర్సులు. ఆ నర్సుకి కూడా జ్వరం ఉంటే అది నర్సు తప్పు. ఈ రూలు వల్ల మా ఇంట్లో రెండుసార్లు మందులు ఆగిపోయాయి. ఒకసారి నావి, ఒకసారి నాన్నవి. రెండోసారి దాదాపు మనిషే పోయేవాడు. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను, భాష ఎక్కడైనా తూలితే ఓర్చుకోండి.

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. మాది కొల్లేరు లంక గ్రామం. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత తర్వాత సొసైటీల చెరువులూ, డబ్బున్నవాళ్ళ చెరువులూ కలిసి సరస్సుని మింగేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకూ, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అని జీవో వచ్చింది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు కొట్టేశారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సరస్సు బతకాలంటే అది తప్పదని ఇప్పుడు నాకు తెలుసు, తప్పదని తెలిసినా గట్టు తెగిన చప్పుడు చెవిలోంచి పోదు, ఆ గొడవ ఇంకోసారెప్పుడైనా. నాన్నకి వాటా ఉన్న చెరువు పోయింది. మరుసటేడు తాడేపల్లిగూడెం వచ్చేశాం. ఇందాక చెప్పిన మావయ్యే నాన్నని ఒక ఉల్లిపాయల కొట్లో గుమస్తాగా పెట్టించాడు.

ఇప్పుడు మా వాళ్ళందరూ "ఆయనకి చెరువు పోయిన దిగులండీ" అంటారు. వినడానికి బావుంటుంది, సినిమా కథలాగా. కానీ లెక్క చూడండి. చెరువు పోయింది 2006లో. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు నాన్న శుభ్రంగా ఉన్నాడు. పద్దులు రాసేవాడు, ఆదివారం పేకాడేవాడు, నా ఇంజనీరింగు ఫీజులు కట్టేవాడు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి ఏటా తీసుకెళ్ళి లాంచీ దిగేటప్పుడు "జాగ్రత్తరా అబ్బాయ్" అని నా చెయ్యి పట్టుకునేవాడు, నేను ఆయనకంటే పొడుగైపోయాక కూడా. చెరువు దిగులైతే పద్నాలుగేళ్ళు ఎక్కడ దాక్కుంది? ఆ దెబ్బకీ దీనికీ సంబంధం లేదని నేననట్లేదు, ఉండే ఉంటుంది. కానీ జనానికి కావలసింది సంబంధం కాదు, కారణం. కారణం దొరికితే జబ్బుకి పరువు దక్కుతుంది. "పాపం, ఆస్తి పోయింది కదా" అని కాఫీ ఇస్తారు.

మరి నాకు? నాకు ఏ చెరువూ పోలేదు. ప్రేమ విఫలం కాలేదు. అప్పుల్లేవు. జీతం నెలాఖరుకి టంచనుగా పడుతుంది. 2022లో ఆఫీసుకి మళ్ళీ రమ్మన్నాక మాదాపూర్‌లో గది తీసుకుని, అందరిలాగే క్యాబ్ ఎక్కి దిగుతూ, ఒకరోజు గమనిస్తే మూడు నెలలుగా నాకు దేని రుచీ తెలీట్లేదు. ఏడుపు కూడా కాదు, ఏడుపొస్తే బావుణ్ణనిపించేది. స్టాండప్ మీటింగులో "నో బ్లాకర్స్" అని చెప్పి, కెమెరా ఆపేసి, గోడకేసి గంటసేపు చూసేవాణ్ణి. ఇలాంటివాడికి కాఫీ ఎవరిస్తారు? "నీకేం తక్కువరా?" అంటారు. అదేదో నేను జీతం సరిపోక దిగులు పడుతున్నట్టు!

దిగులుకి టిక్కెట్టు కావాలి మన దగ్గర. నాన్న దగ్గర టిక్కెట్టుంది. నేను టిక్కెట్టులేని ప్రయాణికుణ్ణి. ఒకే పెట్టెలో ఇద్దరం ఉన్నాం, టీసీ వస్తే దిగాల్సింది నేనే.

ఇక్కడ ఒక్క విషయం ఆగి చెప్పాలి. చేపల చెరువు ఉన్నవాళ్ళకి తెల్లవారుజామున మూడింటికి లేవడం అలవాటు. ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అది కూడా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లారబోయే ముందు నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు చూసుకోకపోతే పొద్దున్నకి చెరువంతా తెల్లగా తేలుతుంది. 2020లో నేను ఇంటినుంచి పని చేస్తున్నప్పుడు, అమెరికా వాళ్ళతో కాల్ అయ్యి మూడింటికి నేను పడుకోబోతుంటే నాన్న లేచి వరండాలో కూర్చునేవాడు. వారంలో ఐదు రోజులు. అమ్మ "పాత అలవాటు లేరా" అంది. నేనూ నవ్వాను. పద్నాలుగేళ్ళ కిందట పోయిన చెరువుకి ఇప్పుడు కాపలా ఏంటని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌కి బాగా తెలిసిన లక్షణమని నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత, నేనే మూడింటికి లేవడం మొదలయ్యాక.

ఆ డిసెంబరులోనే ఏలూరులో ఆ వింత వ్యాధి వచ్చింది, గుర్తుందా? 2020 డిసెంబరు మొదటి వారంలో ఒన్‌టౌన్ వైపు జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆస్పత్రికొచ్చారు. ముఖ్యమంత్రి వచ్చాడు, ఢిల్లీ ఎయిమ్స్ నించీ, హైదరాబాదు నించీ, నాగపూర్ నించీ శాస్త్రవేత్తలొచ్చారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పట్టుకెళ్ళారు. సీసం అన్నారు, పురుగుమందులన్నారు. వాదోపవాదాలు అలా ఉంచండి. నేను చెప్పేదేంటంటే, ఆ వారం రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు పడిపోతే ఏలూరులో ఒక్క మనిషి కూడా రెండోవాడితో "మీ నాన్న ఆల్రెడీ పడిపోయాడు కదా, నువ్వు ధైర్యంగా నిలబడు" అనలేదు. ఇద్దర్నీ ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంకా చెప్పాలంటే ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూశారు, ఏమిటి కారణం, ఒకే నీళ్ళు తాగారా, ఒకే కూర తిన్నారా అని. మనసు దగ్గరకొచ్చేసరికి ఈ ఇంగితం ఏమైపోతుంది?

సరే, కథకొస్తాను. 2023 మార్చిలో నేను చాలా తెలివైన పనొకటి చేశాను. మందులు మానేశాను. నా లాజిక్కు ఇది: ఇంటికి నేనే దిక్కు, దిక్కైనవాడు ధైర్యంగా ఉండాలి, ధైర్యంగా ఉన్నవాడు మాత్రలు మింగడు, కాబట్టి నేను మింగకూడదు. బీటెక్ ఫస్ట్ క్లాసు. డాక్టరుని అడగలేదు, మెల్లగా తగ్గించలేదు, ఒకరోజు ఆపేశానంతే. నాలుగో రోజు నించీ తల తిప్పితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. అది పోయింది, మే నెలలో అసలుది తిరిగొచ్చింది. స్నానం చెయ్యడానికి కూడా డెడ్‌లైన్ పెట్టుకోవాల్సిన స్థితి. అలాగే శుక్రవారం రాత్రి రైలెక్కి, శనివారం పొద్దున్న తాడేపల్లిగూడెంలో దిగి, స్టేషన్ కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, నవ్వు తగిలించుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. నాన్నకి జోకులు చెప్పేవాణ్ణి. నాన్న నవ్వేవాడు. ఆయన ఎందుకు నవ్వేవాడో తర్వాత తెలిసింది. "అబ్బాయి అంత దూరం నించి వస్తాడు, వాడి ముందు మొహం వేలాడేసుకోకూడదు" అని అమ్మతో అనేవాడట. ఇద్దరు నటులు, ఒక ప్రేక్షకురాలు. ఆదివారం రాత్రి నేను రైలెక్కగానే ఇద్దరం పడకేసేవాళ్ళం, చెరో ఊళ్ళో.

జులైలో నేను మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన తిట్టలేదు. "ఎందుకాపారు?" అన్నాడు. చెప్పాను. "మీ నాన్నగారికి షుగరొస్తే మీరు మీ షుగర్ మందు ఆపేస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో మాత్రం అప్పటికీ చెప్పలేదు.

2024 దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ నా మాసిన బట్టలు తీస్తూ బ్యాగులో మాత్రల అట్ట చూసింది. చూసి, వంటింట్లోంచే గట్టిగా "ఏవండీ, మీ మాత్రలు అబ్బాయి బ్యాగులోకెలా వెళ్ళాయి?" అని అరిచింది. అదే మందు, అదే కంపెనీ, అదే రంగు అట్ట. నాన్న ఫ్రిజ్ మీద చూశాడు. ఆయనవి ఆయన దగ్గరే ఉన్నాయి. అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు గురించి నేనేం రాయను. కాసేపటికి "ఎన్నాళ్ళ నించిరా?" అన్నాడు. "రెండేళ్ళు" అన్నాను. "నా కంటే ముందా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం మాట్లాడలేదు, లేచి వరండాలోకెళ్ళాడు.

మీరు అనుకుంటారు, రహస్యం బైటపడింది కదా, ఇంక తండ్రీకొడుకులు కౌగిలించుకుని, ఒకరికొకరు తోడై, బాగుపడి ఉంటారని. నేనూ అదే అనుకున్నాను. జరిగింది వేరే. మరుసటి వారం నించీ నాన్న తన మందులు మానేశాడు. ఎవరికీ చెప్పకుండా. అచ్చం నేను చేసిన పనే. డిసెంబరుకల్లా తిండి తగ్గిపోయింది, కొట్టుకెళ్ళడం ఆపేశాడు. అమ్మ నిలదీస్తే, "ఒకే ఇంట్లో ఇద్దరు పిచ్చోళ్ళని తెలిస్తే వాడికి పిల్లనెవరిస్తారే? వాడు కుర్రోడు, వాడు వాడుకోనీ. నాకు తగ్గిపోయింది" అన్నాడట. కంచంలో ఒక్క బొచ్చె ముక్క మిగిలితే అది పిల్లాడికేసి తను చారన్నంతో లేచిపోయే మనిషి. వైద్యాన్ని కూడా అలాగే నా కంచంలో వేసి లేచిపోయాడు. ఒక్కరికి సరిపడా ఉన్నదాన్ని కొడుక్కి వదిలేశాననుకున్నాడు. అది అలా పంచుకునే వస్తువు కాదని ఆయనకి ఎవరు చెప్పారు? మనమందరం చిన్నప్పటి నించీ చెప్పింది దానికి ఉల్టానే కదా.

ఒక రాత్రి ఆయన అమ్మతో ఒక మాటన్నాడు. ఇక్కడ రాయను. అమ్మ నాకు ఫోన్ చెయ్యలేదు, మావయ్యకీ చెయ్యలేదు. ఆస్పత్రి గోడమీద చూసి క్యాలెండరు వెనక రాసుకున్న 14416కి చేసింది. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు ఆయన్ని ఒంటరిగా వదలొద్దన్నారు, ఇంట్లో ఉన్న మందులూ గిందులూ తీసి దాచెయ్యమన్నారు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. అమ్మ రాత్రంతా కూర్చుంది. పొద్దున్నే ప్యాసింజరెక్కించి, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటించి ఏలూరు తీసుకెళ్ళింది. "ఆడమనిషి, ఏం చేస్తుంది" అన్నాడు కదా మావయ్య. ఇదీ చేసింది.

ఇప్పుడు అసలు వాదన. "ఎన్ని చెప్పు, మందులకంటే కుటుంబమే పెద్ద మందు" అనే మాట మన వాళ్ళు మంత్రంలా అంటారు. అమెరికాలో ఒంటరిగా ఉంటారు కాబట్టి వాళ్ళకి డిప్రెషన్లు, మనకి ఇంటినిండా జనం కాబట్టి రావు అనే సిద్ధాంతం వాట్సాప్‌లో నెలకోసారైనా వస్తుంది. నేను అంటున్నదేంటంటే, కుటుంబం మందు కాదు. కుటుంబం ఆస్పత్రికి తోడొచ్చే మనుషులు, అంతే. తోడు రావడం చాలా పెద్ద విషయం, నేను కాదనను. కానీ తోడొచ్చినవాణ్ణే మందుగా వాడితే ఆ మనిషి అరిగిపోతాడు. అందులోనూ ఆ మనిషికే జబ్బుంటే!

కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది. తాటి మొద్దు తొలిచి చేసిన సన్నటి దోనె. అందులో ఇద్దరున్నప్పుడు ఒకడు పక్కకి ఒరిగితే రెండోవాడు వాణ్ణి పట్టుకోవడానికి అటే వంగుతాడు. అదీ ప్రేమ. దోనె బోల్తా పడేది ఆ ప్రేమకే. ఒరిగినవాణ్ణి పట్టుకోవాల్సింది పక్క దోనెలో ఉన్నవాడు, లేకపోతే గట్టు మీదున్నవాడు. రెండోవాడు చెయ్యాల్సిందల్లా తన చోట తను సరిగ్గా కూర్చోవడం. మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ప్రైమరీ సర్వరూ స్టాండ్‌బై సర్వరూ ఒకే కరెంటు లైను మీద పెట్టి దాన్ని ఫెయిలోవర్ అంటే రివ్యూలో ఎవడైనా ఊరుకుంటాడా?

మేమిద్దరం ఒకే లైను మీద ఉన్నాం, అక్షరాలా. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి డిప్రెషన్ ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం మామూలు కంటే రెండు మూడు రెట్లని దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. అంటే రాసిపెట్టి ఉందని కాదు, అలాంటి ఇళ్ళల్లో రానివాళ్ళే ఎక్కువ. కానీ నాన్నకి ఉందని తెలిసిన క్షణంలో కొడుకుని అడగాల్సిన మొదటి ప్రశ్న "నువ్వెలా ఉన్నావురా?" అవ్వాలి కదా? సరిగ్గా ఆ క్షణంలోనే మనం "నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు" అంటాం. ఎవరికైతే ప్రమాదం ఎక్కువో ఏరి కోరి వాడి నోరే నొక్కుతాం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. 2006లో, అంటే మా గట్లు తెగిన ఏడే, అమెరికా వైద్య పత్రిక జామాలో మిర్నా వైస్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. డిప్రెషన్‌కి వైద్యం చేయించుకుంటున్న తల్లుల్నీ, ఏడు నించి పదిహేడేళ్ళ మధ్య వాళ్ళ పిల్లల్నీ చూశారు. మూడు నెలల్లో తల్లికి నయమైన ఇళ్ళల్లో పిల్లల మానసిక సమస్యలు తగ్గాయి, నయం కాని ఇళ్ళల్లో పెరిగాయి. పిల్లలకి ఆ అధ్యయనం ఏ మందూ ఇవ్వలేదు. తల్లి తన మందు తను వేసుకుంది, అంతే. నాది చిన్న పిల్లాడి వయసు కాదు, అది తెలుసు. అయినా దీన్ని చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. నాన్న నా కోసం త్యాగం అనుకుని మానేశాడే, ఆయన నాకు చెయ్యగలిగిన అతి పెద్ద మేలు ఆ మాత్ర వేసుకోవడమే. నేను ఆయనకి చెయ్యగలిగిందీ అదే.

"మరి ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి కదా, ఇద్దరూ మంచమెక్కితే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, బిల్లెవరు కడతారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిల్లు నేనే కడుతున్నాను. పని పంచుకోమనండి, నేనూ ఒప్పుకుంటాను. మావయ్య నెలకోసారి నాన్నతో ఏలూరు వెళ్ళొచ్చు, పెదనాన్న కొడుకు మందులు తెచ్చిపెట్టొచ్చు. కానీ పని చెయ్యమనడం వేరు, జబ్బు దాచమనడం వేరు. మావయ్య నన్ను అడిగింది పని కాదు, మొహం.

ఐటీ వాళ్ళం మనం కూడా తక్కువ తినలేదు. అమ్మానాన్నల్ని ప్రొడక్షన్ ఇష్యూలా చూడటం మనకి అలవాటైపోయింది. డాక్టర్ని ఆన్‌లైన్లో బుక్ చేసేస్తాం, మందులు ఇంటికి ఆర్డర్ పెట్టేస్తాం, టికెట్ క్లోజ్. మన సొంత సంగతొస్తే? ఆఫీసు కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే మేనేజరుకి తెలిసిపోతుందేమో, ఆన్‌సైట్ పోతుందేమో, అప్రైజల్లో ఎక్కుతుందేమో అని భయం. ఆ భయం ఉత్తదే అని నేను చెప్పను, కొన్ని చోట్ల నిజం కూడా. అలాంటి చోట బయట డాక్టరు దగ్గరికెళ్ళండి, ఆఫీసుకి చెప్పక్కర్లేదు. ఇంకోటి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 21 ప్రకారం బీమా కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకి కూడా బీమా ఇవ్వాలి. చట్టం 2018 నించీ అమల్లో ఉంది. మన గ్రూపు పాలసీలో అమ్మానాన్నల్ని చేర్చినవాళ్ళు ఆ కాగితం ఒకసారి తీసి చదవండి. చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, డాక్టరు ఫీజుకీ నెల మందులకీ ఇవ్వవు. డిప్రెషన్ ఖర్చంతా దాదాపు ఆ ఫీజూ మందులే కదా. హెచ్చార్ వాళ్ళు యోగా క్లాసుకి పిలిచినప్పుడు ఈ మాట అడగండి, మొహం చూసి చెప్పండి నాకు :)

పెళ్ళి సంబంధాల సంగతి నాన్న అన్నాడు కాబట్టి ఒక్క ముక్క. ఒక సంబంధం వాళ్ళకి నేనే చెప్పాను, ఇద్దరం మందులు వాడుతున్నామని. మళ్ళీ ఫోన్ రాలేదు. పోనీండి. దాచి చేసుకుంటే ఆ అమ్మాయి మూడో నర్సయ్యేది.

అమ్మ సంగతి ఎవరూ అడగలేదు, నాతో సహా. ఈ రెండేళ్ళూ మా ఇద్దరి నాటకానికీ టిక్కెట్టు కొన్నది ఆవిడొక్కతే. జనవరిలో ఏలూరు డాక్టరుగారు నాన్నని చూశాక అమ్మనడిగారు, "మీకు నిద్ర పడుతోందామ్మా?" అని. అమ్మ ఏడ్చేసిందట. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ప్రస్తుతానికి ఆవిడకి మందులవసరం లేదన్నారు. వారానికి రెండు రోజులు పిన్ని వాళ్ళింటికెళ్ళి రమ్మన్నారు, మమ్మల్ని వదిలేసి. వెళ్తోంది. మొదటి వారం నాన్నా నేనూ ఫోన్లో అన్నం ఎలా వార్చాలో చర్చించుకున్నాం.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. ఆయన డాక్టరు ఆయనకి, నా డాక్టరు నాకు. ఒకే మందైనా ఒకరివి ఒకరు ముట్టం, ఆయన డోసు వేరు, నా డోసు వేరు. ఎవరి మందు ఆపాలన్నా వాళ్ళ డాక్టరే చెప్పాలి, మా త్యాగాలు చెల్లవు. ఒకరికొకరం సలహాలు చెప్పుకోం. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో ఆయన "వేసుకున్నావా?" అంటాడు, నేను "వేసుకున్నాను, నువ్వో?" అంటాను. మనసు బాగోకపోతే బాగోలేదని చెప్పుకోవచ్చు. చెప్పినవాణ్ణి బాగుచెయ్యాల్సిన బాధ్యత విన్నవాడికి లేదు. ఈ ఆఖరిది ఒంటబట్టడానికి ఇద్దరికీ చాలాకాలం పట్టింది. ఇప్పటికీ నోట్లోంచి "ఏం కాదులే నాన్నా" అని వచ్చేస్తూనే ఉంటుంది.

నిన్న తెల్లవారుజామున మూడుంపావుకి ఫోన్ మోగింది. నాన్న. గుండె గుభేలుమంది. "ఏం లేదురా, మెలకువొచ్చేసింది. ఈ వారంలో మూడోసారి" అన్నాడు. ధైర్యం చెప్పబోయాను, ఆపుకున్నాను. "నేనూ లేచే ఉన్నాను" అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అటు ఎక్కడో లారీ హారను వినిపించింది, ఉల్లిపాయల లోడు అయ్యుంటుంది. "చెరువున్నప్పుడైతే ఈపాటికి గట్టు మీదుండేవాణ్ణి" అన్నాడు. "డాక్టరుకి చెప్పు, మూడుసార్లని" అన్నాను. "చెప్తాలే. నువ్వు కూడా చెప్పు" అన్నాడు.

ఆయనది మంగళవారం, అమ్మ కాదు, ఈసారి మావయ్య వెళ్తున్నాడు తోడు. నాది గురువారం.